మిట్టోకి పదకొండో ఏడు

నర్సీపట్నం,
జూన్ 14.

చెల్లి రోజాకి,

అన్నయ్య సూర్యప్రకాష్ రాయునది. ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నువ్వు నవ్వుకుంటావని తెలుసు. నా ఫోన్ని గ్రూప్స్ ప్రిలిమ్స్ అయ్యేదాకా బీరువాలో పెట్టి, తాళం అమ్మకిచ్చేశాను. పోనీ అమ్మ ఫోన్లో మాట్లాడదామంటే ఆవిడ స్పీకర్ పెడుతుంది. నువ్వు నన్నడిగినదానికి తను జవాబు చెబుతుంది, పక్కింటి బుల్లమ్మ గారు సలహా ఇస్తారు. పైగా మెయిన్స్‌లో మూడు గంటలు ఆపకుండా రాయాలి కదా, చెయ్యి సాగాలి. కాబట్టి నీకు రాసే ప్రతి ఉత్తరమూ నా ప్రిపరేషన్‌లో భాగమే. ఎడమ పక్క మార్జిన్ వదిలాను, గమనించు.

అసలు సంగతికొస్తాను. ఒంటిగంటకి లైబ్రరీ నుంచి భోజనానికి వచ్చేసరికి అమ్మ నీ ‘లాంతరు వీరుడు’ పెట్టుకుని కూర్చుంటుంది. కూతురు తెలుగులో మాటలు రాసిన కార్టూనని ఒక్క ఎపిసోడ్ వదలదు. అన్నం తినే అరగంటా నాకూ అదే గతి. నిన్న సెమీఫైనల్ చూసి ఒళ్లు మండిపోయింది.

మీ పదేళ్ల వీరుడు మిట్టోకి ఎదురుగా వాడి పోటీదారు కైటో నిలబడ్డాడు. లాంతరు మూత తీసి మంచు హంసని వదిలాడు. మిట్టో దగ్గర నిప్పులు కక్కే ఎలుగుబంటి ఉంది, కిందటి సీజన్లో నలభై ఎపిసోడ్లు పెట్టి దాన్ని మచ్చిక చేసుకున్నాడు. దింపితే రెండు నిమిషాల పని. కానీ అది అక్కడెక్కడుంది? కొత్త దీవికి బయల్దేరినప్పుడల్లా పట్టిన జీవాలన్నిటినీ తాత దొడ్లో వదిలేసి, ఆ ఆవిరి కూన బుస్సోణ్ణి ఒక్కణ్ణే చంకనేసుకుని పోతాడు కదా. బుస్సోడు ఆవిరి వదలడం తప్ప ఏం చేయగలడు? మూడుసార్లు పడ్డాడు, మూడుసార్లు లేచాడు. మధ్యలో మిట్టో కళ్లు మూసుకుని, బుస్సోణ్ణి వానలో ఎలా ఎత్తుకొచ్చాడో నాలుగు నిమిషాలు తలుచుకున్నాడు. అంతసేపూ కైటో మర్యాదగా ఆగాడు. ఏ పరీక్ష హాల్లో ఆగుతారు అలా? చివరికి మామూలే, ఓడిపోయాడు.

అమ్మ నాకు పప్పు వడ్డిస్తూ అంది: “ఏటి, ఆడికి పాతికేళ్ల నుంచీ పదేళ్లేనేటి? ఆళ్లమ్మ ఇంకా బువ్వ మూటగట్టి పంపుతోంది. అన్ని జీవాల్నీ ఆ ముసలోడి దొడ్లో వొదిలీసి ఎల్లిపోతే మేతెవులేత్తారు?” నేను తలెత్తకుండా తినేశాను.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఓడిన ప్రతిసారీ వాడనే మాట ఉంది చూడు, “నేను ఓడిపోలేదు, ఇంకా గెలవలేదు అంతే” అని. పదకొండేళ్ల కిందట నాకు మొదటిసారి మెయిన్స్ పోయిన వారంలోనే టీవీలో విన్నాను. స్కెచ్ పెన్నుతో రాసి గోడకి అతికించాను. ఇంటికి రెండుసార్లు రంగులేయించినా ఆ కాయితం తీసి మళ్లీ అక్కడే పెట్టాను. పోయినసారి ప్రిలిమ్స్ రెండు మార్కుల్లో పోయినప్పుడు కూడా నన్ను నిలబెట్టింది అదే. వచ్చే మార్చికి నాకు నలభై రెండు నిండుతాయి. వయసు ప్రకారం ఇదే ఆఖరి గ్రూప్స్.

చదువు బాగానే సాగుతోంది, లైబ్రరీలో జూనియర్ల బెడద తప్పిస్తే. లెక్కల్లో శాతాలు రావంటాడు ఒకడు, పడవలూ ప్రవాహాలూ రావంటుంది ఇంకొకతె. రోజుకి రెండు గంటలు వాళ్లకే పోతున్నాయి.

మీ అన్నయ్య,
సూర్యప్రకాష్


హైదరాబాద్,
జూన్ 27.

అన్నయ్యా,

మార్జిన్ చూశాను, స్కేలుతో గీశావు. నీ పేరాలకి నంబర్లు కూడా వేస్తావేమోనని భయపడ్డాను.

మిట్టోని అంతలా తిట్టకు. వాడి తప్పేమీ లేదు. వాడికి ఎదుగుదల ఉండాలని జపాన్‌లో ఆ కార్టూన్ తీసేవాళ్లూ అనుకుంటారు, ముంబైలో చానెల్ వాళ్లూ అనుకుంటారు. పోయిన నెల ఆన్‌లైన్‌లో మూడు గంటల మీటింగ్ పెట్టారు, పాత్రల ఎదుగుదల మీద. తొమ్మిదిమంది మాట్లాడారు. అన్ని దీవులు తిరిగినవాడు కొత్త దీవిలో దిగగానే లాంతరు మూత తియ్యడం కూడా ఎందుకు మర్చిపోతాడని నేనడిగాను. కొత్తగా చూసే పిల్లలకి అర్థం కావాలి కదా అన్నారు. చివరికి ఎరుపు టోపీ బదులు నీలం టోపీ అని తేలింది. ఎదుగుదల అయిపోయింది, అందరూ టీ తాగారు.

మిట్టోకి తెలుగులో గొంతు ఇచ్చే దేవి గారికి యాభై రెండేళ్లు. ఆవిడ చేరినప్పుడు పెళ్లికాని కూతురుండేది, మొన్న మనవరాలు పుట్టింది. ఆస్పత్రి నుంచి నేరుగా రికార్డింగ్‌కి వచ్చి, “అమ్మా, నాకు ఈ రోజుతో పదేళ్లు నిండాయి” అని కేక పెట్టారు. అద్దం వెనక కూర్చున్న మా డైరెక్టర్ గోవింద్ గారు నవ్వలేక చచ్చారు.

నా పని నీకు తెలుసుగా. బొమ్మ నోరు ఎన్నిసార్లు తెరుచుకుంటే అన్ని అక్షరాలు వెతకాలి. జపాన్ వాళ్లు రెండు ముక్కల్లో తేల్చేస్తారు, మనకి దానికి అత్తగారి ఊరంత వాక్యం కావాలి. ఒక్కోసారి ఉల్టా. నోరు తెరుచుకునే ఉంటుంది, మాట ఉండదు. అప్పుడు మేమే ఏదో పెట్టి పూడుస్తాం.

నీకు చెప్పాల్సిన విషయం ఒకటుంది. ఇప్పుడు చెప్పలేను, ఎవరికీ చెప్పనని కాయితం మీద సంతకం పెట్టాను. ఇంకోటి కూడా ఉంది. దానికి సంతకమేం అడ్డం లేదు, ధైర్యమే చాలడం లేదు.

వేళకి తిను. జూనియర్లని తిట్టకు.

రోజా


నర్సీపట్నం,
జూలై 19.

రోజాకి,

పుష్పవతి గుర్తుందా? నాతవరం నుంచి షేర్ ఆటోలో లైబ్రరీకి వచ్చేది, వాళ్ల నాన్న చెరకు రైతు. రెండేళ్లు నా పక్క కుర్చీలోనే కూర్చుంది. డిప్యూటీ తహసీల్దార్ అయింది. మొదటి ప్రయత్నంలోనే. నిన్న స్వీట్ల డబ్బా పట్టుకుని ఇంటికొచ్చి, నేను వద్దంటున్నా వినకుండా నా కాళ్లకి దండం పెట్టింది. “మీరు సెప్పిన లెక్కలే వచ్చీసేయండి సార్, పదమూడు ప్రశ్నలు” అంది. సంతోషమమ్మా అన్నాను. నిజంగా సంతోషించాను, ఓ పది నిమిషాలు. తర్వాత గదిలోకెళ్లి తలుపేసుకున్నాను. అబద్ధం చెప్పడమెందుకు, ఆ స్వీటు ముట్టుకోలేదు.

ఈ పొద్దున చూస్తే బస్టాండ్ దగ్గర గోపీకృష్ణ ఫ్లెక్సీ కట్టించాడు. గోపీకృష్ణ అంటే నాతో పాటు విశాఖలో ఒకే గదిలో ఉండి చదివినవాడు, రెండుసార్లు రాసి మానేసి ఇక్కడ కోచింగ్ సెంటర్ పెట్టాడు. పుష్పవతి వాడి సెంటర్‌లో ఒకే ఒక్క ఆదివారం మోడల్ టెస్టు రాసింది. ఆమాత్రానికే ఆమె ఫొటో ఆటో అంతుంది. వాడి ఫొటో లారీ అంతుంది.

సాయంత్రం వాడే వచ్చాడు. “పుష్పవతి నీ పేరే చెబుతోందిరా. మాకవరపాలెంలో బ్రాంచి తెరుస్తున్నాను, లెక్కలు నువ్వు చెప్పు” అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను అభ్యర్థినిరా, మేష్టార్ని కాదు అని చెప్పి పంపేశాను. అమ్మ లోపల్నుంచి అంతా వింది. వాడు వెళ్లబోతుంటే మజ్జిగిచ్చింది.

ఈ గోపీకృష్ణ గాడు అచ్చం మీ కైటోయే. నీకు గుర్తుండే ఉంటుంది, సెమీఫైనల్ గెలిచి కూడా ఫైనల్‌కి రానన్నాడు. దెబ్బతిన్న జీవాలకి వైద్యం నేర్చుకుంటానని లాంతరు పక్కన పెట్టి వెళ్లిపోయాడు. మీ చానెల్ వాళ్లు దాన్ని ఎదుగుదల అంటారు కాబోలు, నేను పారిపోవడం అంటాను. మిట్టో అలా చేశాడా? ఇరవైనాలుగేళ్లుగా ఓడుతున్నా టోపీ సర్దుకుని మళ్లీ బయల్దేరాడు. వాడికి తెలుసు, తను ఓడిపోలేదని. నా గోడ మీద కాయితానికీ తెలుసు.

సూర్యప్రకాష్


హైదరాబాద్,
ఆగస్టు 3.

అన్నయ్యా,

మూడు కాయితాలు చింపి ఇది రాస్తున్నాను. చదివాక నన్నెంత తిట్టినా పడతాను.

నీ గోడ మీది మాట మిట్టోది కాదు. జపాన్ వాడు రాసింది కాదు. అసలు బొమ్మలో మాటే లేదు. ఓడిపోయాక మిట్టో నోరు తెరుచుకుని మూడు సెకన్లు నిలబడతాడు. అక్కడ వాళ్ల గొంతులో వినపడేది ఒక ఊపిరి, అంతే. నేను చేరిన కొత్త. నోరు తెరుచుకుంది, మాట పెట్టు అన్నారు గోవింద్ గారు. దానికి రెండు రోజుల ముందే నీ మెయిన్స్ ఫలితం వచ్చింది. నువ్వు రెండు రోజులుగా అన్నం ముట్టలేదని అమ్మ ఫోన్లో ఏడ్చింది. నువ్వు ఒంటిగంటకి టీవీ ముందు కూర్చుంటావని నాకు తెలుసు. నీకు చెప్పాలనిపించిన మాటని వాడి నోట్లో పెట్టాను. ఆ వారం నువ్వు లేచి అన్నం తింటావని రాశాను. దాన్నే పట్టుకుని పదకొండేళ్లు బతుకుతావని రాయలేదు.

గోవింద్ గారికి అది నచ్చింది. ప్రతి ఓటమికీ అదే పెట్టించారు. నూటనలభైసార్లు రాశాను. రాసిన ప్రతిసారీ నువ్వు గుర్తొచ్చావు. మొదట్లో గర్వంగా ఉండేది, ఈమధ్య సిగ్గేస్తోంది.

ఇక సంతకం పెట్టిన రహస్యం కూడా చెప్పేస్తాను. ఈ సీజన్లో మిట్టో గెలుస్తాడు. కైటో వదులుకున్న ఫైనల్ వీడికొచ్చి, ఏకంగా ప్రపంచ లాంతరు కప్పు. దాంతో వాడి కథ అయిపోతుంది. వచ్చే ఏడాది నుంచి కొత్త పిల్ల, కొత్త టోపీ. వాణ్ణి గెలిపించింది కూడా ఎదుగుదల చూసి కాదు. బొమ్మల అమ్మకం తగ్గిందట, గెలిపించి పంపేద్దాం అనుకున్నారు. వాడికి పైన కూర్చుని రాసేవాళ్లున్నారు అన్నయ్యా. ఇరవైనాలుగేళ్లు పదేళ్ల దగ్గరే ఆపగలరు, అక్కర్లేదనుకున్న రోజున కప్పు చేతికిచ్చి పంపగలరు. మనకి ఏటా ఒక ఏడు వస్తుంది.

గోపీకృష్ణ గారు అడిగినదాని గురించి ఇంకొక్కసారి ఆలోచించు.

రోజా


నర్సీపట్నం,
ఆగస్టు 16.

కుమారి రోజారమణి గారికి,

విషయం: తమరి ఉచిత సలహా గురించి.
సూచిక: తమరి లేఖ, తేదీ ఆగస్టు 3.

అమ్మా,

పై సూచికలోని తమరి లేఖ అందినది. అందులోని అంశాలు కూలంకషముగా పరిశీలించబడినవి. నోరు తెరుచుకున్నచోట మాట పెట్టుట తమరి వృత్తిధర్మమని గ్రహించడమైనది. ఇకమీదట ఈ క్రింద సంతకము చేసినవాని నోట మాట పెట్టనవసరము లేదని తెలియజేయడమైనది.

మరియు ప్రభుత్వము వారు అభ్యర్థుల వయోపరిమితిని రెండేళ్లు పెంచినట్లు నిన్నటి పేపర్లో ప్రకటించియున్నారు. కావున ఈ క్రింద సంతకము చేసినవానికి మరి రెండు అవకాశములు గలవు. ఈ సందర్భమున ఇంటియందు పాయసము వండబడినది. దరఖాస్తుకు ఆఖరి తేదీ అక్టోబర్ 5.

గోడ మీది కాయితము తొలగించబడలేదు. మిట్టోని చూచుట మాత్రము నిలిపివేయబడినది. భోజనము వంటింటిలోనే చేయబడుచున్నది.

ఇట్లు,
జి. సూర్యప్రకాష్, ఎమ్మెస్సీ,
అభ్యర్థి


హైదరాబాద్,
సెప్టెంబర్ 21.

అన్నయ్యా,

నీ అర్జీ అందింది. నవ్వాను, తర్వాత ఏడ్చాను. నెల రోజులు ఊరుకున్నాను కూడా. కానీ నిన్న జరిగింది నీకు చెప్పకుండా ఉండలేను.

నిన్న మిట్టో గెలిచే ఎపిసోడ్ రికార్డింగ్. కప్పు అందుకున్నాక నోరు నాలుగు సెకన్లు తెరుచుకుంటుంది. నాలుగంటే నాలుగు. ఇక్కడా అసలులో మాట లేదు, ఆ ఊపిరే. నేను పదిహేడు రకాలుగా రాసి తీసుకెళ్లాను, గోవింద్ గారు అన్నీ పక్కన పెట్టారు. ఏదీ వాడు గెలిచినట్టు లేదు, వాడి గురించి ఎవరో ఉపన్యాసం ఇచ్చినట్టుంది అన్నారు. నిజమే.

అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. బుల్లమ్మ గారింటి వెనక పెరట్లోంచి, స్పీకర్ లేకుండా. జన్మలో మొదటిసారి. మిట్టో గెలిచాడని చెప్పాను, ఏమనాలో తెలియట్లేదని చెప్పాను. “గెలిసీసేడా? అయితే ఇంక ఇంటికెల్లమను. ఆ దొడ్లో జీవాలు ఎన్నాళ్లని సూత్తాయి?” అంది. అదే పెట్టాం. “ఇంటికెళ్తాను, నా వాళ్లు చూస్తుంటారు.” నాలుగు సెకన్లకి సరిపోయింది. దేవి గారు ఒక్క టేకులో చెప్పి, బయటికొచ్చి కూతురికి ఫోన్ చేసుకున్నారు.

కానీ అమ్మ ఫోన్ చేసింది దానికోసం కాదు. మాట తీసుకుంది, నీకు చెప్పొద్దని. తప్పుతున్నాను.

పోయినసారి ప్రిలిమ్స్ నువ్వు రాయలేదని అమ్మకి తెలుసు. నీ హాల్ టికెట్లన్నీ దాచే కవర్లో ఆ ఒక్కదాని మీదే ఇన్విజిలేటర్ సంతకం లేదట. “సదువు రాకపోతే సంతకం కూడా కనిపించదేటి నాకు” అంది. హాలు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశావా? రోజంతా ఎక్కడ కూర్చున్నావు? రెండు మార్కుల్లో పోయిందని చెబితే, ఆవిడ ఊఁ అని నీకు అన్నం పెట్టింది. “నిలదీసి ఇంక మానీరా అంటే, ఆడేటైపోతాడో, రేపు పొద్దున లేసి ఏటి సేత్తాడో అని నోరిప్పనేదే రోజా. మొన్న వయసు పెంచేరంటే పాయసం ఒండేను గానీ, నాను గరిటెడు కూడా తిననేదు” అంది.

నువ్వు రాయకుండా రాశానన్నావు. ఆవిడ తెలిసీ తెలియనట్టు నటించింది. నేను లేని మాట పెట్టాను. ముగ్గురం ఒకరికోసం ఒకరం ఎంత బాగా చేశామో చూడు.

కొత్త సీజన్ కూడా నన్నే రాయమన్నారు. తెర మీద మాట లేనిచోట ఊపిరే ఉంచనిస్తేనే రాస్తానన్నాను. ఇంకా జవాబు రాలేదు. నాకు భయంగానే ఉంది. నీకూ ఉంటుందని తెలుసు. ఏదో ఒకటి రాయి.

రోజా


మాకవరపాలెం,
అక్టోబర్ 6.

రోజాకి,

నిన్నటితో దరఖాస్తు గడువు అయిపోయింది. నేను పెట్టలేదు.

నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను. పోయిన ఏడు ఆ రోజు విశాఖలో హాలు గేటు దాకా వెళ్లాను. లోపలికెళ్లేవాళ్లలో సగంమందికి నేను ఎప్పుడో ఒకప్పుడు లెక్కలు చెప్పాను. “సార్, మీరూ రాస్తున్నారా?” అని ఒకమ్మాయి అడిగింది. వెటకారం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. వెనక్కి తిరిగి, బీచ్‌లో అయిదు దాకా కూర్చుని, నర్సీపట్నం బస్సెక్కాను. రెండు మార్కులనే అబద్ధం బస్సులో తాళ్లపాలెం దాటాక తట్టింది. ఒకటంటే నమ్మరేమో అనిపించింది.

నీ ఉత్తరం వచ్చాక వారం రోజులు అమ్మ మొహం చూడలేకపోయాను. ఎనిమిదో రోజు వంటింట్లో తింటూ చెప్పేశాను, అమ్మా, నేను రాయలేదు, ఇంక రాయను అని. ఆవిడ నా వైపు తిరగలేదు. స్టవ్ తగ్గించి, “అలాగా. రేపట్నుంచి బువ్వ ఎన్నింటికెట్టమంటావ్?” అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. గోపీకృష్ణ క్లాసు పదింటికి, ఇంట్లో తొమ్మిదికే బయల్దేరాలి అన్నాను. “అయితే బేగి పడుకో” అంది. అంతే అయింది మా రామాయణం.

అప్పటికప్పుడే వెళ్లి లెక్కలు చెబుతానంటే గోపీకృష్ణ వెటకారం చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. మెడలో వేసుకునే కార్డు మాత్రం రాత్రికి రాత్రి అచ్చేయించాడు. దాంట్లో నా ఫొటో నా హాల్ టికెట్‌ది, ఏడేళ్ల కిందటిది. మార్చమన్నాను. బ్రాంచి అంటే జీడిపిక్కల గోడౌన్, ఒక పక్క ఇంకా బస్తాలున్నాయి. పంతొమ్మిదిమంది పిల్లలు. బోర్డు కొత్తది, సుద్ద జారిపోతోంది.

ఇవాళ పొద్దున షేర్ ఆటోలో ఇక్కడికొస్తుంటే నా పక్కన ఒక ముసలావిడ, ఒళ్లో వంకాయల బుట్టతో. మెడలో కార్డు చూసి అడిగింది: “ఏటి సేత్తావు బాబూ?”

పదిహేడేళ్లుగా ఈ ప్రశ్నకి నా జవాబు ఒకటే, ప్రిపేరవుతున్నానని. పెళ్లిళ్లలో అడిగినా, బ్యాంకులో అడిగినా, నాన్న పోయినప్పుడు అడిగినా. ఈసారి నోరు తెరిచాను కానీ ఆ మాట రాలేదు. “పిల్లలకి లెక్కలు చెప్తానమ్మా” అన్నాను.

“ఎన్నాళ్లయింది?” అంది.

ఇవాళే మొదటి రోజు అనబోయాను. లైబ్రరీలో నా చుట్టూ కుర్చీలు లాక్కుని కూర్చున్నవాళ్లంతా వరసగా గుర్తొచ్చారు. మొట్టమొదట శాతాలు అడిగిన కుర్రాడు ఇప్పుడు నక్కపల్లిలో సబ్ ఇన్‌స్పెక్టర్. వేళ్ల మీద లెక్కపెట్టాను. “పద్నాలుగేళ్లు” అన్నాను.

“అయితే పెద్ద మేష్టరివే” అని ఆవిడ బుట్టని కాళ్ల దగ్గరికి జరుపుకుని నేను సరిగ్గా కూర్చోడానికి చోటిచ్చింది. నాకు ఏడుపొచ్చింది రోజా, ఆటోలో అందరూ చూస్తుండగా. ఆవిడ కంగారుపడి కళ్లలో దుమ్ముపడిందేమో కడుక్కోమని నీళ్ల సీసా ఇచ్చింది. కడుక్కున్నాను. దిగి గోడౌన్‌కి నడిచేసరికి పదీ అయిదయింది, పిల్లలు లేచి నిలబడ్డారు.

అన్నయ్య